ఎమ్మెస్సీ ఫిజిక్స్ తోటి నానో ఫ్యాబ్రికేషన్ సైంటిస్ట్ కావొచ్చా? నల్గొండ నుంచి అడుగుతున్న

మర్రిగూడ బిడ్డ | నల్గొండ

అందరికీ నమస్కారం. మహాత్మా గాంధీ యూనివర్సిటీల ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్న. సాలిడ్ స్టేట్, సెమీకండక్టర్ డివైసెస్ పేపర్లంటే నాకు ప్రాణం. నేను అడిగేది చిప్ డిజైన్ గురించి కాదు. వేఫర్ (పల్చటి సిలికాన్ బిళ్ళ) మీద పొరలు పరిచి, చెక్కి, ట్రాన్సిస్టరో సెన్సారో తయారు చేసే పని ఉంటది కదా, ఆ దిక్కు రీసెర్చ్ సైంటిస్ట్ కావాలని కోరిక. మా ల్యాబ్‌ల హాల్ ఎఫెక్ట్, ఫోర్ ప్రోబ్ దాకా చేసినం. క్లీన్‌రూమ్ (దుమ్ము లేకుండ ఉంచే తయారీ గది) మాత్రం వీడియోలల్లనే చూసిన.

ఇంట్ల బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నరు. వాళ్ళ మాట తీసేసేది కాదు, మా మండలంల సర్కారు టీచర్ అంటే ఆ విలువే వేరు. కానీ మా నానమ్మ నడుము ఫ్లోరైడ్ నీళ్ళకే వంగింది. బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఎంతున్నదో ఊర్లనే, అప్పటికప్పుడు చూపించే చిన్న చిప్ ఎందుకు ఉండొద్దని డిగ్రీ నుంచి మనసుల తిరుగుతున్నది.

ఈసీఈ బీటెక్ లేకుంటే తీసుకుంటరా? ఏ పరీక్ష రాయాలె? చేతికి జీతం వచ్చేసరికి ఎన్నేండ్లు పడ్తది? ఆడపిల్లలకు ఆ ల్యాబ్‌లల్ల పని ఎట్లుంటది? తెలిసినోళ్ళు జర వివరంగ చెప్పండి.

పాలమూరు పొద్దు | హైదరాబాద్, సొంతూరు జడ్చర్ల

చెల్లె, నేను చిప్ డిజైన్ వెరిఫికేషన్‌ల పనిచేస్త. నీ ఉత్సాహం చూస్తే సంతోషమైతుంది, కానీ ఒక మాట ముందుగాల్నే తెలుసుకో. హైదరాబాద్‌ల ఏఎమ్‌డీ, క్వాల్‌కామ్, ఇంటెల్, మైక్రాన్ ఆఫీసులున్నయి. అక్కడ నడిచేది డిజైన్, వెరిఫికేషన్, సాఫ్ట్‌వేర్ పని. వేఫర్ తయారయ్యేది అక్కడ కాదు. ఫ్యాబ్ (వేఫర్ మీద చిప్పులు తయారు చేసే ఫ్యాక్టరీ) దారి పట్టుకుంటే ఇల్లు విడిచి దూరం పోవుడు ఖాయం. ఎంటెక్ వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్ కోర్సు) చేసి, అందుల వాడే వెరిలాగ్, సిస్టమ్ వెరిలాగ్ భాషల మీద చెయ్యి తిరిగితే, మూడు నాలుగేండ్లల్ల ఇంటికి పైసలు పంపొచ్చు. మా ఊరి పిల్లలు చానమంది అట్లనే నిలదొక్కుకున్నరు. ఇంటి పరిస్థితి చూసుకొని ఆలోచించు.

దిండి వాగు | బెంగళూరు, సొంతూరు దేవరకొండ దగ్గర

చెల్లె, నేను చేసేది ఈ పనే కాబట్టి కొంచెం పొడుగ్గనే రాస్త.

ముందు అర్హత సంగతి. ఫ్యాబ్రికేషన్ పరిశోధనల ఫిజిక్స్, కెమిస్ట్రీ, మెటీరియల్స్ చదివినోళ్ళు చానమంది ఉంటరు. సిలికాన్ మీద ఆక్సైడ్ ఎట్ల పెరుగుతది, ప్లాస్మా (అయాన్లుగ విడిపోయిన వాయువు) నుంచి వచ్చే అయాన్ ఉపరితలాన్ని ఎట్ల కొడ్తది, లోహానికీ సెమీకండక్టర్‌కూ నడుమ ఎలక్ట్రాన్‌కు అడ్డమొచ్చే గోడ ఎంతెత్తు ఉంటది, ఇవన్నీ నీ సిలబస్‌ల ప్రశ్నలే. బెంగళూరు ఐఐఎస్సీల సెంటర్ ఫర్ నానో సైన్స్ అండ్ ఇంజినీరింగ్ ఉన్నది, దాన్నే సెన్స్ అంటరు. అక్కడ పీహెచ్‌డీకి ఎమ్మెస్సీ వాళ్ళు కూడా దరఖాస్తు పెట్టొచ్చు. నెట్ జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్ ఇచ్చే జాతీయ పరీక్ష) గానీ గేట్ (పీజీ, పరిశోధన సీట్ల జాతీయ పరీక్ష) గానీ చేతిల ఉండాలె. గేట్‌ల ఫిజిక్స్ పేపరే రాయి, స్కోరు మూడేండ్లు పనికొస్తది. డిసెంబర్ నెట్, ఫిబ్రవరి గేట్, రెంటికీ సిలబస్ చాన మటుకు ఒకటే, ఒక్క చదువుతోటి రెండూ రాయొచ్చు.

ఇక పని ఎట్లుంటది అంటే. మేము తిరిగే గదిని పాత లెక్కల క్లాస్ 100 అంటరు, కొత్త లెక్కల ఐఎస్‌ఓ 5. ఒక ఘనపుటడుగు గాలిల అర మైక్రాన్, అంతకు మించిన ధూళి కణాలు 100 దాటొద్దు. తల నుంచి పాదం దాకా సూట్, ముఖానికి మాస్క్, రెండు జతల గ్లవ్స్. లితోగ్రఫీ (కాంతితోటి నమూనా అచ్చేసే పని) గదిల లైట్లు పసుప్పచ్చగ ఉంటయి, ఫొటోరెజిస్ట్ అనే పూతకు నీలి కాంతి, అతినీలలోహిత కాంతి తగిల్తే అది మారిపోతది కాబట్టి. వేఫర్‌ను ముందు ఆర్‌సీఏ పద్ధతిల కడుగుతం. అమోనియా, పెరాక్సైడ్, నీళ్ళ మిశ్రమం ధూళినీ జిడ్డునూ తీస్తది. తర్వాత హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెరాక్సైడ్ మిశ్రమం లోహాల మరకలు తీస్తది. 1965ల ఆర్‌సీఏ కంపెనీల పుట్టిన పద్ధతి ఇది, ఇప్పటికీ సిలికాన్ ప్రాసెస్‌లు చాన మటుకు దాంతోనే మొదలు. తర్వాత కొలిమిల ఆక్సైడ్ పెంచుడు, రెజిస్ట్ పోసి తిప్పి పల్చగ పరుచుడు, మాస్క్ (నమూనా గీసిన గాజు పలక) పెట్టి 365 నానోమీటర్ల కాంతి కొట్టుడు, డెవలప్ చేసుడు, ప్లాస్మాల చెక్కుడు. ఒక మామూలు ట్రాన్సిస్టర్‌కు ఇదంతా నాలుగైదు సార్లు తిరగాలె.

ఇంతవరకు నేర్పిస్తే ఎవరైనా చేస్తరు. సైంటిస్ట్ పని మొదలయ్యేది, లెక్క ప్రకారం రావాల్సింది రానప్పుడు. ఒక ఉదాహరణ రాస్త. ట్రాన్సిస్టర్‌ల గేట్ (కరెంట్‌ను ఆపి వదిలే భాగం, పరీక్ష కాదు) కోసం 10 నానోమీటర్ల హాఫ్నియం ఆక్సైడ్ పరిచినమనుకో. అటామిక్ లేయర్ డిపాజిషన్‌ల ఒక్కో సైకిల్‌కు దాదాపు 1 ఆంగ్‌స్ట్రామ్ (0.1 నానోమీటర్) పడ్తది, అంటే 100 సైకిళ్ళు. ఎలిప్సోమీటర్‌ల మందం సరిగ్గనే ఉన్నది. కానీ కెపాసిటెన్స్ (చార్జ్ పట్టి ఉంచే గుణం) కొలిస్తే రావాల్సిన దాంట్ల మూడోవంతు తగ్గింది. ఎటు పోయింది? హాఫ్నియం ఆక్సైడ్ డైఎలక్ట్రిక్ స్థిరాంకం 20, సిలికాన్ డయాక్సైడ్‌ది దాదాపు 4 అనుకుంటే, ఆ 10 నానోమీటర్లు 2 నానోమీటర్ల సిలికాన్ డయాక్సైడ్‌తోటి సమానం. దానికింద నువ్వు అడగకుండనే 1 నానోమీటర్ సిలికాన్ డయాక్సైడ్ పెరిగి కూసుంటే, రెండు కెపాసిటర్లు సిరీస్‌ల పడ్డట్టు. 2 కాస్తా 3 ఐతది. తప్పిపోయిన మూడోవంతు అదే. అది కడిగిన తర్వాత గాలిల పెట్టినందుకు పెరిగిందా, మొదటి సైకిళ్ళల్ల నీటి ఆవిరి వల్ల పెరిగిందా, ఆఖర్ల వేడి చేసినప్పుడు పెరిగిందా? మూడు వేఫర్లు, మూడు రకాలుగ చేసి, ఒక్కొక్కటే మార్చుకుంట పట్టుకోవాలె. దొరికిననాడు ఉండే సంతోషం నాకు వేరే ఏ పనిల దొరకలే.

పైసల సంగతి దాచను. జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేండ్ల తర్వాత 42,000, హాస్టల్ లేకుంటే ఇంటద్దె భత్యం వేరే. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ దొరికితే 70,000 నుంచి మొదలు. పీహెచ్‌డీ ఐదారేండ్లు. తర్వాత పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయినంక చేసే తాత్కాలిక పరిశోధన) రెండు మూడేండ్లు చేసేవాళ్ళే ఎక్కువ. పర్మినెంట్ సైంటిస్ట్ అయ్యేసరికి ముప్పై దాటుతది. పాలమూరు పొద్దు అన్న చెప్పిన డిజైన్ దారిల పైసలు ఇంతకన్న ముందొస్తయి, అది నిజం. పీహెచ్‌డీ లేకుండ కూడా ఒక దారుంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫస్ట్ క్లాస్, గేట్ స్కోరు ఉంటే డీఆర్‌డీఓ సైంటిస్ట్ బి పోస్టుకు దరఖాస్తు పెట్టొచ్చు, బేసిక్ 56,100. హైదరాబాద్‌లనే గేటెక్ అని ఉన్నది, గాలియం ఆర్సెనైడ్ మీద రాడార్లకు పనికొచ్చే చిప్పులు చేస్తరు. మన జిల్లాకు అంత దగ్గర్ల ఇసువంటి పని నడుస్తదని చానమందికి తెల్వదు.

పాలమూరు పొద్దు | హైదరాబాద్, సొంతూరు జడ్చర్ల

గేటెక్ సంగతి నాకు తెల్వదు అన్నా, మంచి మాట చెప్పినవ్.

పుట్టపాక నేత | ముంబై

మాది నేత ఇల్లు. నూలుకు చిటికి కట్టుడు చూసుకుంట పెరిగిన. రబ్బరు చుట్టిన చోట రంగు ఎక్కదు, విప్పిన చోట ఎక్కుతది. ఒక రంగు ఐనంక మళ్ళ కట్టి ఇంకో రంగుల ముంచుతరు. పడుగు మీది గీత పేక మీది గీతకు నూలుపోగంత జరిగినా పువ్వు చెదిరిపోతది. లితోగ్రఫీ కూడా అదే తీరు అని ఐఐటీ బాంబే క్లీన్‌రూమ్‌ల మొదటి వారంల అర్థమైంది. రెజిస్ట్ ఉన్న చోట ఆమ్లం ముట్టదు, లేని చోట తింటది. రెండో మాస్క్ మొదటి మాస్క్ గుర్తుల మీద కూసోవాలె. మా నాయినకు ఈ సంగతి చెప్పితే పీహెచ్‌డీ ఎందుకని అడుగుడు మానేసిండు.

చెల్లె, నీకు ఇప్పుడు కావాల్సింది పుస్తకం కాదు, గదిల నిలబడే అవకాశం. ఐఎన్‌యూపీ అని ఒక కార్యక్రమం ఉన్నది, కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ పైసలతోటి నడుస్తది. ఇప్పటి పేరు ఐఎన్‌యూపీ ఐ టూ ఐ. ఐఐఎస్సీ, ఐఐటీ బాంబే, మద్రాస్, ఢిల్లీ, ఖరగ్‌పూర్, గువాహటి సెంటర్లున్నయి. సొంత క్లీన్‌రూమ్ లేని కాలేజీల వాళ్ళ కోసమే పెట్టింది. ముందు పరిచయ వర్క్‌షాప్, తర్వాత చేతులతోటి చేయించే శిక్షణ, ఆ తర్వాత నీ సొంత ప్రాజెక్టుకు ప్రపోజల్ పెట్టి అక్కడి మిషన్లు వాడుకోవచ్చు. నల్గొండ, పాలమూరు యూనివర్సిటీలల్ల చదివేటోళ్ళకు ఇంతకన్న మంచి తలుపు నాకు కనిపించలే. మీ సార్ సంతకం, డిపార్ట్‌మెంట్ లెటర్ ఉంటే చాలు, దరఖాస్తు పెట్టు.

ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికల ఐఐఎస్సీ వాళ్ళ మైక్రో, నానో ఫ్యాబ్రికేషన్ కోర్సు ఉన్నది, వర్క్‌షాప్‌కు పోయేలోపు అది చూడు. అక్కడ ప్రశ్నలు అడగడానికి నోరు లేస్తది.

ఒక తండ్రి | నాగర్‌కర్నూల్

మా అమ్మాయి కూడా ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతోంది, ఇలాంటి మాటే అంటోంది. ఇవన్నీ చదివి ఒక తండ్రిగా అడుగుతున్నాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. పీహెచ్‌డీ ఆరేళ్ళు, తర్వాత ఇంకో మూడేళ్ళు అంటే పెళ్ళి వయసు దాటిపోతుంది. పైగా ఆమ్లాలు, గ్యాసులు అంటున్నారు. రేపు పిల్లలు పుట్టే సమయంలో వాటి ప్రభావం ఉండదా? ఆడవాళ్ళు ఎవరైనా ఆ పనిలో ఉంటే చెప్పండమ్మా.

నడిగడ్డ | లూవెన్, బెల్జియం, సొంతూరు గద్వాల

బాబాయ్, మీరు అడిగింది చాలా సరైన ప్రశ్న. అమ్మాయిలు అడగడానికి మొహమాటపడతారు, మీరు అడిగి మంచి పని చేశారు.

నేను పీహెచ్‌డీ నడుమ పెళ్ళి చేసుకున్నాను, బాబు పుట్టిన తర్వాత థీసిస్ ఇచ్చాను. ఇప్పుడు ఇక్కడ పోస్ట్‌డాక్ చేస్తున్నాను. పెళ్ళికీ పీహెచ్‌డీకీ పోటీ పెట్టనక్కర్లేదు. చేసుకునే అబ్బాయికి ఈ పని ఏమిటో ముందే చెప్పాలి. కొన్నిసార్లు మిషన్ స్లాట్ రాత్రి పదకొండుకు దొరుకుతుంది, అప్పుడు వెళ్ళాల్సిందే. ఆ సంగతి తెలిసి ఒప్పుకున్న మనిషి అయితే ఇబ్బంది లేదు. మా అత్తమ్మ అదృష్టవశాత్తు నా వైపు నిలబడింది.

రసాయనాల విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 1980ల చివర్లో అమెరికాలో సెమీకండక్టర్ కార్మికులపై చేసిన అధ్యయనాల్లో, ఎథిలీన్ గ్లైకాల్ ఈథర్లు కలిసిన ఫొటోరెజిస్టులతో పనిచేసిన మహిళల్లో గర్భస్రావాలు ఎక్కువగా కనిపించాయి. ఆ తర్వాత పరిశ్రమ వాటిని వదిలి పీజీఎమ్‌ఈఏ అనే వేరే ద్రావణికి మారింది. ఇప్పటికీ రెజిస్ట్ తీయడానికి కొన్ని చోట్ల వాడే ఎన్‌ఎమ్‌పీ గర్భిణులకు మంచిది కాదు. అందుకే గర్భం అని తెలిసిన రోజే సేఫ్టీ ఆఫీసర్‌కు చెప్పి తడి రసాయనాల బెంచీలకు దూరంగా ఉండాలి. నేను ఆ నెలలన్నీ కొలతల పని, సిమ్యులేషన్లు, రాత పని చేశాను. పరిశోధన ఆగలేదు. అడగడానికి సిగ్గుపడే వాతావరణం ఉన్న ల్యాబ్‌లో మాత్రం చేరవద్దు. చేరేముందు ఆ గ్రూపులో ఉన్న అమ్మాయిలతో విడిగా మాట్లాడాలి, ఇది నా గట్టి అభిప్రాయం.

చెల్లీ మర్రిగూడ, నీకు కొన్ని విషయాలు. క్లీన్‌రూమ్‌కు పోయే రోజు పౌడర్, కాటుక, లిప్‌స్టిక్, తలలో పూలు ఏవీ ఉండకూడదు. చెమటలోని సోడియం చాలు ట్రాన్సిస్టర్‌ను పాడుచేయడానికి. సోడియం అయాన్ ఆక్సైడ్ లోపల కదులుతూ ఉంటుంది, అది కదిలినకొద్దీ థ్రెషోల్డ్ వోల్టేజీ (ట్రాన్సిస్టర్ ఆన్ అయ్యే వోల్టేజీ) మారిపోతుంది. ఉంగరాలు తీసెయ్యాలి, గ్లవ్స్ చినుగుతాయి. ఇంకో సంగతి, బంగారానికి మన ఇళ్ళలో ఎంత గౌరవమో సిలికాన్‌కు అది అంత విషం. బంగారం పరమాణువులు సిలికాన్‌లోకి దిగితే ఎలక్ట్రాన్లనూ హోల్స్‌నూ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలనూ) పట్టి కలిపేస్తాయి, వాటి ఆయుష్షు తగ్గిపోతుంది. అందుకే బంగారం పూసిన వేఫర్లకు వేరే బీకర్లు, వేరే ట్వీజర్లు, వేరే మిషన్లు ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళకు మొదట నేర్పేది ఈ విభజనే.

ఒక తండ్రి | నాగర్‌కర్నూల్

చాలా సంతోషం తల్లీ. మా అమ్మాయికి ఇది చదివి వినిపించాను. గ్రూపులో ఉన్న అమ్మాయిలతో మాట్లాడాకే చేరాలన్న మాట మా ఇద్దరికీ నచ్చింది.

రామన్నపేట సార్ | రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్

తడి రసాయనాల మాట వచ్చింది కాబట్టి ఒక్కదాని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సిలికాన్ డయాక్సైడ్‌ను కరిగించడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడతారు. పల్చటి ద్రావణం చర్మం మీద పడితే వెంటనే మంట తెలియదు. కొన్ని గంటల తర్వాత తెలుస్తుంది. ఈలోపు ఫ్లోరైడ్ అయాన్ చర్మం దాటి లోపలికి దిగి, రక్తంలోనూ ఎముకలోనూ ఉన్న కాల్షియంను పట్టుకుంటుంది. రక్తంలో కాల్షియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఎక్కువ మేర పడితే ప్రాణానికే ముప్పు. అందుకే ఆ ఆమ్లం వాడే ప్రతి గదిలో 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఉండాలి. పడ్డచోట ఆలస్యం లేకుండా ధారాళంగా నీళ్ళతో కడిగి, జెల్ రుద్దుతూనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

అమ్మా మర్రిగూడ, నీకు ఈ విషయం మిగతావాళ్ళకంటే త్వరగా అర్థమవుతుంది. మునుగోడు, మర్రిగూడ వైపు మన పెద్దల ఎముకల్లోకి ఏళ్ళ తరబడి నీళ్ళ ద్వారా చేరింది ఈ ఫ్లోరైడ్ అయానే. అక్కడా అది వెతికింది కాల్షియంనే. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని రూపొందిస్తే దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు స్థిరపడింది. ప్రపంచమంతా మన జిల్లా పేరును రసాయన శాస్త్ర పుస్తకాల్లో ఆ రూపంలో చదువుతుంది. ఆ జిల్లా నుంచి ఒక అమ్మాయి సెన్సార్ చేస్తానంటుంటే నాకు చాలా గర్వంగా ఉంది.

సాగర్ కాల్వ | మిర్యాలగూడ

నాది పాలిటెక్నిక్ డిప్లొమా. హైదరాబాద్ దగ్గర సోలార్ సెల్ ప్లాంట్‌ల ఎక్విప్‌మెంట్ మెయింటెనెన్స్ చేస్త. సైంటిస్ట్ కాను కానీ ఒక మాట చెప్తా. సోలార్ సెల్ లైన్‌ల కూడా సిలికాన్ వేఫరే, డిఫ్యూజన్ కొలిమిలు, ప్లాస్మాతోటి సిలికాన్ నైట్రైడ్ పరిచే మిషన్లు. సైలేన్ గ్యాస్ వాడుతం, అది గాలి తగిల్తే దానంతటదే అంటుకుంటది. వ్యాక్యూమ్ పంపు చప్పుడు మారితే ఏమైందో పోల్చుకునే మనిషి లేకుంటే పెద్ద పెద్ద డిగ్రీల వాళ్ళు కూడా ఎదురుచూసుకుంట కూసోవాలె. చెల్లె, నువ్వు సైంటిస్ట్ ఐనా సరే పంపు ఆయిల్ మార్చుడు, లీక్ పట్టుడు నేర్చుకో. మాసోంటి వాళ్ళతోటి కలిసి మిషన్ విప్పిన సైంటిస్టులకు మిషన్ మాట వింటది.

దిండి వాగు | బెంగళూరు

సాగర్ కాల్వ తమ్మీ, నూటికి నూరుపాళ్ళు నిజం. నేను ఇంటర్వ్యూలల్ల కూసున్నప్పుడు పేపర్లు ఎన్ని అచ్చైనయని తర్వాత చూస్త. ముందు, ప్లాస్మా ఎచ్చర్ (చెక్కే మిషన్) పాడైన రోజు నువ్వేం చేసినవని అడుగుత.

పాలమూరు పొద్దు | హైదరాబాద్, సొంతూరు జడ్చర్ల

ఇంకో సందేహం అడుగుత, వాదన కోసం కాదు. గుజరాత్ ధొలేరాల టాటా వాళ్ళ ఫ్యాబ్ వస్తున్నది, 91,000 కోట్లు, నెలకు 50,000 వేఫర్లు అంటున్నరు. టెక్నాలజీ తైవాన్ కంపెనీ పీఎస్‌ఎమ్‌సీది, 28 నానోమీటర్ల దాకా. ప్రపంచం 3 నానోమీటర్లు దాటింది. ప్రాసెస్ బయటి నుంచి కొనుక్కొస్తున్నప్పుడు ఇక్కడ రీసెర్చ్ సైంటిస్ట్‌కు పనేముంటది?

దిండి వాగు | బెంగళూరు

మంచి ప్రశ్న అన్నా. కొనుక్కొచ్చిన ప్రాసెస్ కాయితం మీదనే ఒకటి. ఇక్కడి నీళ్ళు, ఇక్కడి మిషన్లు, ఇక్కడి మనుషులతోటి అదే ఫలితం తెప్పించుడు వేరే పని. ఒక్కో వేఫర్‌ల ఎన్ని చిప్పులు పనికొస్తున్నయో చూసి, పనికిరానివి ఎందుకు చెడిపోయినయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద వెతికేవాళ్ళు రాత్రింబవళ్ళు కావాలె. 28 నానోమీటర్లను తక్కువ చెయ్యొద్దు కూడా. కార్లల్ల, మీటర్లల్ల, ఫోన్ల డిస్‌ప్లే డ్రైవర్లల్ల ఉండేవి ఆ తరం, దానికన్నా పాత తరం చిప్పులే. 3 నానోమీటర్లు అనేది ఇప్పుడు తరం పేరు మాత్రమే, ట్రాన్సిస్టర్‌ల గేట్ పొడవు అంత చిన్నగ ఉండదు.

మన దేశం ఈ పనిల వెనకబడ్డది తెలివి లేక కాదు. మొహాలీ సెమీకండక్టర్ కాంప్లెక్స్ 1984ల ఉత్పత్తి మొదలుపెట్టింది. 1989 ఫిబ్రవరిల మంటలొచ్చి ఫ్యాబ్ కాలిపోయింది. మళ్ళ లేపేసరికి ఏండ్లు పోయినయి, అంతల తైవాన్, కొరియా అందనంత దూరం పోయినయి. ఇయ్యాల అదే చోట 180 నానోమీటర్ల లైన్ మీద ఇస్రోకు చిప్పులు చేస్తున్నరు. 180 అంటే పాతదని తీసేయొద్దు, అంతరిక్షంల రేడియేషన్ తట్టుకునుడు ముఖ్యం, చిన్నగుండుడు కాదు.

సెన్సార్లకు, పవర్ డివైసులకు, గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్లకు నానోమీటర్ల పరుగు అక్కర్లేదు. చెల్లె అడిగిన ఫ్లోరైడ్ సెన్సార్ మైక్రాన్ల సైజుల చేసుకోవచ్చు. మన దేశపు క్లీన్‌రూమ్‌లల్ల ఇయ్యాలనే చేయగలిగిన పని అది.

మోడరేటర్

చర్చ బాగా నడుస్తోంది. ఒక్క మనవి: ఫోన్ నంబర్లు ఇక్కడ బహిరంగంగా పెట్టవద్దు, పెట్టిన రెండు పోస్టుల్లోంచి తీసేశాను.

మర్రిగూడ బిడ్డ | నల్గొండ

అన్నలకు, అక్కకు, సార్‌కు, బాబాయ్‌కి అందరికీ చేతులెత్తి మొక్కుతున్న. ఇంట్ల నాన్నకు నిన్న రాత్రి మొత్తం చదివి వినిపించిన. గేట్, నెట్ ఒక్కసారి రాసి చూడు, రాకుంటే బీఈడీ అన్నడు. నాకు అది చాలు.

దిండి వాగు అన్నా, ఫ్లోరైడ్ సెన్సార్ మైక్రాన్ల సైజుల చేయొచ్చు అన్నవ్. ఎట్ల మొదలుపెట్టాలె? ప్రాజెక్టుకు అదే టాపిక్ తీసుకోవచ్చా?

దిండి వాగు | బెంగళూరు

తీసుకోవచ్చు. కానీ ఎక్కడ కష్టమో ముందు తెలుసుకొని తీసుకో.

1970ల పీట్ బెర్గ్‌వెల్డ్ అనే డచ్చి శాస్త్రవేత్త ఐఎస్‌ఫెట్ అనేదాన్ని చేసిండు. మామూలు మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్‌ల గేట్ లోహం తీసేసి ఆ చోట నీళ్ళు తగలనిస్తడు. నీళ్ళల్ల అయాన్లు గేట్ ఉపరితలం మీద వోల్టేజీ మారుస్తయి, అది కరెంట్ల కనిపిస్తది. ఫ్లోరైడ్ కోసం గేట్ మీద లాంథనం ఫ్లోరైడ్ పొర వెయ్యాలె, ప్రయోగశాలల్ల వాడే ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌ల ఉండే స్ఫటికం కూడా అదే.

ఇప్పుడు లెక్క చూడు. 25 డిగ్రీల దగ్గర ఫ్లోరైడ్ పదింతలైతే వోల్టేజీ 59 మిల్లీవోల్టులు మారుతది. తాగునీళ్ళల్ల బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) లెక్కన లీటరుకు 1 మిల్లీగ్రామ్ మంచిది, వేరే నీళ్ళు లేకుంటే 1.5 దాకా ఒప్పుకుంటరు. 1 నుంచి 1.5కు పోతే మారేది దాదాపు 10 మిల్లీవోల్టులే. మంచి నీళ్ళకూ చెడ్డ నీళ్ళకూ నడుమ ఉన్న తేడా మొత్తం ఆ పదిలనే ఉన్నది. ఐఎస్‌ఫెట్ ఏమో నీళ్ళల్ల ఉన్నకొద్దీ దానంతటదే మెల్లగ జరుగుతుంటది, దాన్ని డ్రిఫ్ట్ అంటరు. పైగా మన నల్గొండ ఎండ. 40 డిగ్రీలల్ల ఆ 59 కాస్తా 62 ఐతది. కాబట్టి పక్కనే ఉష్ణోగ్రత కొలిచే ఇంకో సెన్సార్ ఉండాలె, ఫ్లోరైడ్ పట్టని జోడీ ట్రాన్సిస్టర్ ఒకటి పెట్టి రెంటి తేడా తీసుకోవాలె. వోల్టేజీని పోల్చుకునేందుకు పెట్టే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌ను చిప్ మీదకు తెచ్చుడు అన్నిట్లకెల్ల మొండి సమస్య. పీహెచ్‌డీకి సరిపోయే సరుకు ఇందుల్నే ఉన్నది.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఇంత పెద్దది వద్దు. గాజు మీదనో సిలికాన్ మీదనో లాంథనం ఫ్లోరైడ్ పల్చటి పొర వేసి, దాని స్ఫటిక నిర్మాణాన్ని ఎక్స్‌ఆర్‌డీల (ఎక్స్‌రే కొలతల) చూసి, తెలిసిన ఫ్లోరైడ్ ద్రావణాలల్ల దాని వోల్టేజీ ఎట్ల మారుతదో కొలువు. థర్మల్ ఎవాపరేటర్ (వేడితోటి ఆవిరి చేసి పొర పరిచే మిషన్) మీ డిపార్ట్‌మెంట్‌ల లేకుంటే ఉస్మానియాల, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల అడగండి.

రామన్నపేట సార్ | రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్

దీనికి ఒక్క మాట కలపాలి. నీళ్ళలో అల్యూమినియం, ఇనుము ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతాయి, సెన్సార్‌కు కనిపించదు. పటికతో శుద్ధి చేసిన నీళ్ళలో ఇది మరీ ముఖ్యం. అందుకే కొలిచే ముందు టిసాబ్ అనే బఫర్ కలుపుతాం. అది ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది, పీహెచ్‌ను ఐదు, ఐదున్నర దగ్గర నిలుపుతుంది. పీహెచ్ ఎక్కువైతే హైడ్రాక్సైడ్ అయాన్ వచ్చి ఫ్లోరైడ్ లాగే నటిస్తుంది. మన బోరు నీళ్ళు చాలా చోట్ల క్షార గుణం ఉన్నవే. ఊళ్ళో కొలవాలంటే ఆ బఫర్ కలిపే ఏర్పాటు కూడా నీ పరికరంలో భాగం కావాలి. ప్రామాణిక ద్రావణాలు ఎలా చేయాలో రాసి ఇక్కడే పెడతాను, సోడియం ఫ్లోరైడ్‌ను ప్లాస్టిక్ సీసాలోనే నిల్వ చెయ్యి, గాజులో వద్దు.

మర్రిగూడ బిడ్డ | నల్గొండ

రాసుకున్న సార్. సోమవారం మా గైడ్ సార్‌ను కలిసి టాపిక్ మార్చమని అడుగుత. ఐఎన్‌యూపీ దరఖాస్తుల "ఎందుకు రావాలనుకుంటున్నారు" అని ఉన్నది. అందుల నానమ్మ సంగతి రాయొచ్చా, ఫిజిక్స్ మాత్రమే రాయాల్నా?

పుట్టపాక నేత | ముంబై

నానమ్మ సంగతి ఒక్క వాక్యం రాయి చెల్లె, అది నిజం కాబట్టి. దాని తర్వాత ఆ 10 మిల్లీవోల్టుల లెక్క రాయి. ఏ మిషన్ మీద ఏం నేర్చుకోవాలో పేరు పెట్టి రాయి: ఎవాపరేటర్, మాస్క్ అలైనర్, ప్రోబ్ స్టేషన్. ఎంపిక చేసేటోళ్ళు చూసేది, వచ్చినమ్మాయికి ఏం కావాల్నో తెలుసా లేదా అని. రాసినంక ఇక్కడ పెట్టు, పంపే ముందు నేనూ అక్కా ఒకసారి చూస్తం.

నడిగడ్డ | లూవెన్, బెల్జియం, సొంతూరు గద్వాల

తప్పకుండా చూస్తాను. నాకు ఆదివారం ఖాళీ, శనివారం రాత్రిలోపు పెట్టు చెల్లీ.